చుట్టమా, కస్టమరా?

రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఎనభై కిలోమీటర్ల పైమాటే. గోకవరం దాటాక వరిచేలు పలచబడతాయి. రంపచోడవరం దాటాక ఫోన్లో గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. చివరి గీత కూడా పోయినప్పుడు కారులో ఉన్న నలుగురం చప్పట్లు కొట్టాం. ఇక రెండు రోజులు ఎవరికీ దొరకం. వచ్చిందే అందుకు.

కొండవాలు మీద చిన్న లాడ్జి. వెదురు తడికల గది, ముందు వరండా, కింద ఎక్కడో వాగు చప్పుడు. రాత్రి బొంగులో చికెన్ తెచ్చిపెట్టిన కుర్రాడితో, "ఎంత అదృష్టం తమ్ముడూ, ఫోన్ గోల లేదు" అన్నాను. అతను నవ్వి, "మీకు రెండ్రోజులే కదండీ" అన్నాడు. కాసేపాగి, పైన వాళ్ల ఊళ్లో ఎవరికైనా నొప్పులొస్తే అంబులెన్సుకి ఫోన్ చెయ్యడానికి ఒకరు సిగ్నల్ దొరికే చోటు దాకా పరిగెత్తాలనీ, మనిషిని రోడ్డు దాకా డోలీ కట్టి మొయ్యాలనీ చెప్పాడు. ఫిర్యాదులా చెప్పలేదు. దారి అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

ఆ మాట విన్నాక నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధం. హాయిగా పట్టింది. నేను రాస్తున్నది ఆ నిద్ర గురించే. ఇంకొకరి లోటు నాకు సుఖమైతే, ఆ సుఖం తప్పేనా?

మనం ప్రశాంతత అని మెచ్చుకునే దాంట్లో వాగూ చెట్లూ ఇచ్చింది కొంత. మిగతాది రోడ్డు వెయ్యకపోవడం వల్ల, టవరు పెట్టకపోవడం వల్ల, డాక్టరు రాకపోవడం వల్ల మిగిలిన నిశ్శబ్దం. వరండాలో కూర్చున్నవాడికి ఈ రెండూ ఒక్కలాగే వినిపిస్తాయి. పైగా ఈ కొండలు ఎప్పుడూ ఇంత నిశ్శబ్దంగా లేవు. 1879లో రంప తిరుగుబాటు రేగడానికి ఒక కారణం, కొండవాళ్లు తమ చెట్లకు తాము గీసుకునే కల్లు మీద సర్కారు పన్ను. ఇవాళ అదే కొండల్లో జీలుగు కల్లు మన టూరిస్టు ముచ్చట. ఆ తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది, పోడు మీద ఆంక్షలు బిగిశాయి, రోడ్ల పనుల్లో వెట్టి పెరిగింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది ఆ కోపంతోనే. ఇప్పుడు ఒక జిల్లాకు ఆయన పేరుంది. డోలీలు మాత్రం ఇంకా ఉన్నాయి.

ఇది ఏదో దూరపు అన్యాయమైతే జాలిపడి ఊరుకోవచ్చు. కానీ నేను డెల్టా మనిషిని. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మా తాతముత్తాతలు తిన్న ప్రతి మెతుకూ ఈ కొండల మధ్యనుంచి దిగిన నీళ్లతో పండిందే. ఇప్పుడు పోలవరం. 150 అడుగుల మట్టం దాకా నీళ్లు నిలిపితే ఇళ్లు వదలాల్సిన కుటుంబాలు సర్కారు లెక్కలోనే దాదాపు లక్ష. వాటిలో కొండరెడ్లవీ కోయలవీ ఎన్నో. ఆ నీళ్లు పారేది పల్లపు చేలల్లో. అంటే నా పంట కోసం మునిగే ఊళ్ల పక్కనే నా విశ్రాంతి కోసం గది తీసుకున్నానన్నమాట.

దీనికి రెండు తేలిక జవాబులున్నాయి. ఒకటి: డబ్బులిచ్చాం కదా. నిజమే, ఆ కుర్రాడికి జీతం దొరుకుతోంది మాలాంటి వాళ్లు రావడం వల్లే. ఆ జీతాన్ని తీసిపారేసే హక్కు నాకు లేదు. కానీ గది అద్దె గదికి చెల్లుతుంది. నీళ్లకీ నిశ్శబ్దానికీ రేటు ఎవరూ కట్టలేదు, నేను చెల్లించిందీ లేదు.

రెండోది: అసలు వెళ్లకూడదు. ఇది వినడానికి గొప్పగా ఉంటుంది. వెళ్లకపోతే నా మనసు తేలికపడుతుంది, అక్కడి డోలీ బరువు మాత్రం తగ్గదు. పైగా చూడకపోవడం మరిచిపోవడానికి దగ్గరి దారి. విశ్రాంతి అక్కర్లేదనడం కూడా కుదరదు. శ్రమ, విశ్రాంతి ఒకే ధాతువులోంచి పుట్టిన మాటలు. శ్రమపడే ప్రతివాడికీ అది కావాలి. చిక్కల్లా, బొంగు కోసి, నిప్పు రాజేసి, నా పక్క దులిపిన మనిషి విశ్రాంతి ఎక్కడ అన్నదే.

మా వైపు దీనికో పాత కొలత ఉంది. గోదారోళ్ల మర్యాదలని మురిసిపోతాం గానీ, అవన్నీ చుట్టాన్ని ఎలా చూడాలన్నవి. చుట్టంగా వెళ్లినవాడు ఎలా ఉండాలన్నదానికీ మర్యాద ఉంది. ఉత్తిచేతుల్తో వెళ్లడు. మంచీ చెడూ అడుగుతాడు. ఇంట్లో కష్టం ఉంటే చూడనట్టు నటించడు. అన్నిటికంటే ముఖ్యం, వాళ్లు తన గుమ్మానికొస్తే కుర్చీ వేస్తాడు. కస్టమరుకి ఇవేవీ అక్కర్లేదు. బిల్లు కట్టగానే రుణం తీరిపోతుంది. చుట్టరికానికి బిల్లుండదు, అందుకే అది తీరదు. కొండరెడ్లు మాట్లాడేది కూడా తెలుగే. కాబట్టి అడగడానికి భాష రాలేదని తప్పించుకోలేం.

సుఖం తప్పు కాదు, చెల్లు రాసేసుకోవడం తప్పు. ఆ రాత్రి నిద్రకు నేను బాకీ ఉన్నాననుకుంటే, తిరిగొచ్చాక చెయ్యాల్సినవి ఉంటాయి. పునరావాసం గురించి చర్చ వచ్చినప్పుడు "దేశం కోసం ఎవరో ఒకరు త్యాగం చెయ్యాలి" అనే మాట ఈ నోటితో అనకపోవడం. పోలవరం ఎప్పుడు పూర్తవుతుందని అడిగే ప్రతిసారీ, వాళ్ల ప్యాకేజీ ఎప్పుడు పూర్తవుతుందని కూడా అడగడం. చిన్నవే, కానీ బిల్లులో రాయనివి.

తిరుగు ప్రయాణంలో ఫోన్లో గీతలు మళ్లీ మొలిచాయి. కొండ దిగి వచ్చినవాళ్ల కోసం మైదానంలో కట్టిన కాలనీల్లో అన్నీ ఒకే రకం ఇళ్లు, వరసగా, ఇంకా పూర్తిగా చెట్లు రాని వీధులు. వాళ్లిప్పుడు మన వైపు వచ్చారు. వాళ్ల వరండాల్లో మనం రెండు రాత్రులు పడుకున్నాం. మన అరుగు మీద వాళ్లకి చోటుందా అని ఇంకా ఎవరూ అడగలేదు. ఆ రోజు మా కారు కూడా ఆగలేదు.