ఆరని దీపం

దేవాలయంలో దివ్యసత్ప్రసాద మందసం దగ్గరి దీపం ఆరిపోతే మనం కంగారుపడతాం. మా డోన్ విచారణలో ఒక లారీ యజమాని కష్టం దీనికి తలకిందులు. ఆయన లారీలో ఒక దీపం ఎంతకీ ఆరలేదు. ఇది పాపసంకీర్తనంలో విన్న సంగతి కాదు. గుడి ముందు వేపచెట్టు కింద ఆయన చెప్పినది, ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

ఆయన బేతంచెర్ల నాపరాయి ఎక్కించుకుని 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగుళూరుకు పోయి వస్తుంటాడు. ఒకనాడు మీటర్ల మధ్య ఇంజను బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగింది. మెకానిక్కు స్కానర్ తగిలించి, కోడ్ తుడిచేసి పంపాడు. రెండు రోజులకే లైటు మళ్ళీ వచ్చింది. రెండో మెకానిక్కు సెన్సర్ మార్పించాడు. వారం తిరక్కుండానే మళ్ళీ వెలిగింది. లారీ కంతు కట్టవలసిన డబ్బు అలా కరిగిపోయింది.

"ఫాదర్, కంప్యూటర్ను మోసం చేసే చిన్న పెట్టె అమ్ముతాండారు. తగిలిస్తే లైటే రాదంట. శానామంది పెట్టుకున్యారు. తప్పంటారా?" అని అడిగాడు.

ఆ రోజు జ్ఞానస్నానానికి జనం ఎదురుచూస్తున్నారు. "మంచి మెకానిక్కును చూడు నాయనా" అని పంపేశాను. రాత్రి పడుకున్నాక గాని ఆయన నన్ను అడిగింది లారీ సంగతి కాదని తట్టలేదు.

ఆ లైటు ఎందుకుందో కొంచెం చూద్దాం. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో కొత్త వాహనాలకు బి.ఎస్.6 నిబంధనలు వచ్చాయి. ఆ తర్వాతి పెద్ద డీజిల్ లారీలు చాలావాటిలో పొగగొట్టంలోకి యూరియా ద్రావణం చిమ్ముతారు. అందులో 32.5 శాతం యూరియా, మిగిలింది శుద్ధి చేసిన నీరు. వేడికి యూరియా అమ్మోనియాగా మారి, పొగలోని విషపు నైట్రోజన్ ఆక్సైడులను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. ఈ పని సరిగా జరుగుతున్నదా లేదా అని సెన్సర్లు కాపలా కాస్తాయి. లెక్క తప్పితే కంప్యూటర్ ఒక కోడ్ రాసుకుని దీపం వెలిగిస్తుంది.

ఆ కోడ్ "ఇక్కడ లెక్క తప్పింది" అంటుంది. "ఎందుకు తప్పింది" అనేది చెప్పదు. ఒక సంగతి ఉన్నదని తెలియడం వేరు, అది ఎందువల్ల ఉన్నదో తెలియడం వేరు అని అరిస్టాటిల్ ఏనాడో విడదీశాడు. మన న్యాయశాస్త్రం కొండ మీద పొగను చూసి నిప్పుందని గ్రహించమంటుంది. కాని ఆ నిప్పు ఎవరు పెట్టారో తెలియాలంటే కొండెక్కాలి. తుడిచేసిన మెకానిక్కు, సెన్సర్ మార్పించిన మెకానిక్కు ఇద్దరూ కొండెక్కలేదు.

మనస్సాక్షి కూడా ఇటువంటి దీపమే. దాన్ని కప్పిపెట్టడం పేదవాడి కక్కుర్తి ఒక్కటే అనుకోకండి. 2015లో ఫోక్స్‌వాగన్ సంస్థ డీజిల్ కార్లలో పరీక్ష సమయంలో మాత్రమే పొగ తగ్గించి చూపే సాఫ్ట్‌వేర్ పెట్టినట్టు బయటపడింది. ప్రపంచమంతటా సుమారు 1.1 కోట్ల కార్ల సంగతది. అక్కడా లెక్కలు బాగున్నాయి, గాలి బాగుపడలేదు. చాలామంది చేస్తున్నారన్నంత మాత్రాన దారి పక్కన బడికి నడిచే పిల్లవాడి ఊపిరితిత్తుల్లోకి పోయే పొగ తగ్గదు.

"మరి దీపమే తప్పు చెబితే?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. సెన్సర్లు చెడిపోతాయి. మనస్సాక్షీ పొరబడుతుంది. పునీత ఇగ్నాసి లొయోలా 1522లో మన్రేసాలో ఉన్నప్పుడు, ఒప్పుకున్న పాపాలే మళ్ళీ మళ్ళీ గుర్తుకొచ్చి నలిగిపోయారు. పొరబడిన మనస్సాక్షిని కూడా ధిక్కరించరాదనీ, అయితే ఆ పొరపాటు మన నిర్లక్ష్యం వల్ల వచ్చిందైతే నేరం మనదేననీ పునీత తోమాసు అక్వీనాసు బోధించారు. కాబట్టి దీపాన్ని పగలగొట్టకూడదు, గుడ్డిగా నమ్మి కుంగిపోనూ కూడదు. తెలిసినవారి ముందు ఉన్నదున్నట్టు విప్పి చూపించాలి.

రెండు వారాలకు ఆయన మళ్ళీ వచ్చాడు. పెట్టె కొనలేదు. మూడో మెకానిక్కు, ముసలాయన, స్కానర్ ముట్టుకోకముందే "యూరియా డబ్బాలో ఏం పోశావప్పా?" అని అడిగాడట. ఈయన నోరు మెదపలేదు. ముసలాయన ఒక చుక్క తీసి, చిక్కదనం కొలిచే పరికరంలో చూసి, మౌనంగా ఈయన ముఖంలోకి చూశాడట. అప్పుడు మాట బయటికొచ్చింది. ఒక రాత్రి దారిలో ద్రావణం అయిపోయింది. ఇంజను బలం తగ్గిపోతుందని భయపడి బోరునీళ్ళు పోశాడు. సిగ్గుపడి ఇద్దరు మెకానిక్కుల దగ్గరా దాచాడు. మన సీమ బోరునీళ్ళు బిందెకు ఎంత తెల్లటి పొర పట్టిస్తాయో మీకు తెలుసు. చిమ్మే గొట్టానికీ అదే పట్టింది. డబ్బా కడిగి, గొట్టం శుభ్రం చేసి, మంచి ద్రావణం పోస్తే కొద్దిరోజులకు దీపం ఆరింది.

"మొదటి దినమే చెప్పింటే సెన్సర్ దుడ్లు మిగిలిండేవి ఫాదర్" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "నెల దినాలకు ఆ లైటు కంటికి ఆనకుండానే పాయ" అన్నాడు.

ఈ రెండో మాటకే నేను ఉలిక్కిపడ్డాను. పాపపు అలవాటు వల్ల మనస్సాక్షి మెల్లమెల్లగా గుడ్డిదైపోతుందని వాటికన్ రెండవ మహాసభ 1965లో హెచ్చరించింది కూడా దీన్నే. దీపం ఆరదు, చూపు ఆరిపోతుంది.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. తాగి ఇంట్లో చెయ్యి చేసుకున్నానని ఒకడు నెలనెలా వచ్చి చెబితే, నెలనెలా అదే ప్రాయశ్చిత్తం ఇచ్చి పంపిన గురువులం మనలో లేమా? దేవుని క్షమ నిజమైనదే, అందులో సందేహం లేదు. కాని "ఎందుకు తాగుతున్నావు నాయనా? ఏ అప్పు, ఏ అవమానం?" అని కూర్చోబెట్టి అడగకపోతే, కోడ్ తుడిచి పంపిన మెకానిక్కుకూ నాకూ తేడా ఏమిటి? ఆయన్ను వేపచెట్టు కిందే ఆపి, ఆనాడు తొందరలో పంపేసినందుకు క్షమించమన్నాను.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లో చాలా రోజులుగా వెలుగుతున్న పసుపు దీపం ఏది? అన్నదమ్ముల మధ్య ఆగిన మాటలా? తిరిగివ్వని బాకీయా? పసుపు రంగు వెంటనే ఆగిపొమ్మనదు, ఇంకా సమయముందని చెబుతుంది. ఆ సమయం గడిచిపోకముందే, ఆ రాత్రి ఏ నీళ్ళు పోశారో ఒక్కరికైనా చెప్పండి.