గురి చూచువాడును, గాలి చూచువాడును

దూరలక్ష్యముల రైఫిల్ పోటీలలో జట్టులు తలపడునపుడు తుపాకి పేల్చువాడొకడు, గాలిని కనిపెట్టువాడు మరియొకడు. ఈ రెండవవానిని ‘విండ్ కోచ్’ అందురు. 1876వ సంవత్సరమున అమెరికాలో న్యూయార్కు సమీపమునందలి క్రీడ్‌మూర్ మైదానమున ఆరంభమైన పాల్మా పోటీ నేటికిని 800, 900, 1000 గజముల దూరములనుండి జరుగుచున్నది. అందు ఈ ఇరువురి పొందికయే ప్రధానము.

వేయి గజములు దాటుటకు గుండునకు సుమారు ఒకటిన్నర సెకను పట్టును. గంటకు పది మైళ్ల వేగముతో అడ్డముగా వీచు గాలి దానిని అంతలోనే ఏడెనిమిది అడుగులు ప్రక్కకు నెట్టివేయును. పూర్తిగా అయిదు మార్కులిచ్చు వలయపు వ్యాసమో, 20 అంగుళములు మాత్రమే! బోర్లపరుండి, గురియందే దృష్టి నిలిపినవాడు గాలి పోకడలను కూడ గమనింపజాలడు. కావున వెనుక కూర్చున్న కోచ్ దూరదర్శినితో జెండాల రెపరెపలను, ఎండవేడిమికి నేలపై అలలాడు మరీచికను పరికించి, సైటును ఎంత సవరింపవలెనో నిర్ణయించును.

ఈ పొందికకు ఆధారము సత్యము. గుండు పేలిన తక్షణమే, ఫలితము తెలియకమునుపే, ఆ క్షణమున తన గురి ఎచ్చట నున్నదో పేల్చినవాడు చెప్పవలెను. “కుడికి తొలగినది, తప్పు నాదే” అనుటకు సిగ్గుపడి, “సరిగానే పేల్చితిని” అనినచో ఏమగును? కోచ్ ఆ దోషమును గాలికి అంటగట్టి సైటును ఎడమకు త్రిప్పును. తరువాతి గుండు చక్కగా పేలియు ఎడమకు తొలగిపోవును. ఒక్క అసత్యమువలన రెండు గుండ్లు చెడును. అట్లే కోచ్ తన అంచనాలోని దోషమును పేల్చువాని చేతిపై మోపినచో, వానికి తన చక్కని గురిపైననే నమ్మకము సడలును.

కర్ణుడు నాగాస్త్రమును సంధించినపుడు, గురి కుదరలేదు, మరల చూచి సంధింపుమని శల్యుడు హెచ్చరించెను. తాను రెండుమారులు సంధించువాడను కానని కర్ణుడు తిరస్కరించెను. పగ్గములు పట్టినది మొదలు తనను అవమానించిన సారథి మాటను అతడెట్లు నమ్మును? ఎదుట శ్రీకృష్ణుడు రథమును నేలలోనికి క్రుంగద్రొక్కెను. అస్త్రము అర్జునుని కిరీటమును మాత్రమే కొనిపోయెను. రెండు రథములపైనను సారథి యుండెను. విశ్వాసము ఒక్కదానిపైననే యుండెను.

సాధకుని మార్గమును ఇట్టిదే. తన మనస్సు ఎచ్చట చలించినదో దాచు శిష్యునకు ఎంతటి గురువైనను దారి చూపజాలడు. వాని ఎదుట ఆ గురువు కన్నులుండియు గ్రుడ్డివాడే. తన పతనములన్నిటికి కాలమును, పరిసరములను నిందించుట మానవునకు సులభము. గాలి వీచుట సత్యమే. కాని దానికి తగిన సవరణ తెలియవలెనన్నచో, ముందు తన చేయి ఎంత వణికినదో అతడు దాపరికము లేక చెప్పవలెను. గాలి అతని వశము కాదు; ఆ ఒక్క నిజము పలుకుట మాత్రము సర్వదా అతని వశమే.