గ్రాంటు సొమ్ము, గొడ్డలి పిడి



ఒక అరబీ గ్రంథం కోసం ఆమధ్య ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోని దాయిరతుల్ మఆరిఫ్‌కు వెళ్ళాను. అస్ర్ నమాజు చేసుకుని తార్నాకా వైపు నడుస్తుంటే ఒక విద్యార్థి సలాం చెప్పి పక్కన కలిశాడు. చదువుకుంటూనే ఒక స్వచ్ఛంద సంస్థలో లెక్కలు రాస్తున్నాడట. పేద వాడల స్త్రీలకు కుట్టుపని నేర్పి ఉపాధి చూపించే సంస్థ అది. ఒక కంపెనీ గ్రాంటు ఇచ్చింది. ఏడాది చివర ఎంతమందికి పని దొరికిందో రాసివ్వాలి.

"మౌలానా, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు అరవై మంది. సంపాదిస్తున్నది ఇరవై రెండు మందే. అరవై అని రాయమంటున్నారు. ఉన్నది రాస్తే వచ్చే ఏడు గ్రాంటు ఆగిపోతుంది, ఆ ఇరవై రెండు మంది పనీ పోతుంది. ఏం చేయను?"

వద్దని ఒక్క మాటలో చెప్పడం నాకు సులభమే. కానీ రేపు పని పోయే స్త్రీ ఇంట్లో పొయ్యి వెలిగించేది నేను కాదు కదా!

అబూదావూద్ హదీసు గ్రంథంలో అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉంది. ఒక అన్సారీ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి సహాయం అర్థించాడు. అతని ఇంట్లో ఉన్నది ఒక దుప్పటి, నీళ్ళు తాగే ఒక పాత్ర. ప్రవక్త (స) వాటిని తెప్పించి, వేలం వేసి, రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, రెండో దానితో గొడ్డలి కొనిపించారు. ఆ గొడ్డలికి స్వయంగా తమ చేతులతో పిడి అమర్చారు. కట్టెలు కొట్టి అమ్ముకోమనీ, పదిహేను రోజులదాకా కనిపించవద్దనీ చెప్పారు. అతను తిరిగి వచ్చేసరికి పది దిర్హములు సంపాదించాడు.

మనం దానం గురించి చెప్పేటప్పుడు గొడ్డలి దగ్గరే ఆగిపోతాం. ఆ పదిహేను రోజుల మాట మరచిపోతాం. గొడ్డలి చేతికిచ్చిన రోజున కాదు, అతను సంపాదించి వచ్చిన రోజున పని పూర్తయింది. అరవై మందికి సూదీ దారం పట్టుకోవడం నేర్పితే అది శిక్షణ. ఉపాధి వేరు.

ఈ ఆవరణకు ఇలాంటి చర్చ కొత్త కాదు. ఇక్కడ ధర్మశాస్త్రం బోధించిన మౌలానా మనాజిర్ అహ్సన్ గీలానీ 'ఇస్లామీ మఆషియాత్' రచించారు. ఇక్కడే చదివి, ఇక్కడే బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్, వడ్డీ లేకుండా అప్పులిచ్చిన హైదరాబాద్ సంఘాల గురించి 1955లో ఒక వ్యాసం ప్రచురించారు.

ఇక గ్రాంటు సంగతి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యాలకు వెచ్చించాలి. ఇది 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఉపాధి నైపుణ్యాలు ఆ కార్యాలలో ఒకటి. ఫలానా పనికని షరతు పెట్టి ఇచ్చిన సొమ్ము మన చేతిలో అమానతు. రిపోర్టు మీద సంతకం సాక్ష్యంతో సమానం. ఘోర పాపాలను వివరిస్తూ, ఆనుకుని ఉన్న ప్రవక్త (స) లేచి కూర్చుని మరీ హెచ్చరించినది అబద్ధపు సాక్ష్యం గురించే.

ఆ అబ్బాయి ఇంకొకటి కూడా చెప్పాడు. రమజానులో వచ్చిన జకాత్‌నూ గ్రాంటునూ ఒకే ఖాతాలో వేసి, అందులోంచే అద్దె, జీతాలు ఇస్తున్నారట. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం జకాత్ అర్హుడైన పేదకు సొంతం కావాలి. దీన్నే 'తమ్లీక్' అంటారు. జకాత్‌తో కొన్న కుట్టుమిషను అర్హురాలైన ఆ స్త్రీకే ఇచ్చేస్తే జకాత్ నెరవేరుతుంది. సంస్థ ఆస్తిగా గదిలో ఉంచుకుంటే నెరవేరదు. అద్దె, జీతాలు నఫిల్ సదఖా నుంచో, గ్రాంటు షరతు అనుమతిస్తే గ్రాంటు నుంచో ఇవ్వాలి. పక్కింటి ముస్లిమేతర సోదరికి మిషను కొనివ్వాలన్నా ఈ సొమ్ము పనికొస్తుంది. ఖాతాలు వేరు చేయడం ఒక పూట పని, అది వాయిదా వేయవద్దని చెప్పాను.

"బాబూ! ముందు ఇరవై రెండు ఇళ్ళకూ వెళ్ళి అడిగిరా. తర్వాత మిగతా ముప్ఫై ఎనిమిది మందినీ అడుగు. చంటిపిల్లను చూసేవారు లేరా, మిషను లేదా, కుట్టిన బట్టలకు డబ్బు రాలేదా? అదంతా రిపోర్టులో రాయి. వచ్చే ఏటి గ్రాంటు దానికోసమే అడగండి."

"మా పెద్దలు ఒప్పుకోకపోతే?"

"నాకు ఫోను చెయ్యి, నేనే వచ్చి మాట్లాడతాను" అన్నాను.

గత వారం ఫోను చేశాడు. ఇళ్ళన్నీ తిరిగాడట. ముగ్గురు ఈమధ్యే పని మానేశారు. ఇరవై రెండు కాదు, పంతొమ్మిది అని రాశాడు. కంపెనీ నుంచి జవాబు ఇంకా రాలేదు.