యాకోబు లెక్క

ధ్యాన భాగము: ఆదికాండము 30:25-36, 31:36-42

దేవాలయములో జీతమును గూర్చి మాటలాడుట మనకు సిగ్గుగా నుండును. కానుకలను గూర్చి అడుగుటకు సిగ్గుపడము గాని, జీతమును గూర్చి అడిగినవానిని మాత్రము లోకస్థుడందుము. ఆదికాండము ఈ సిగ్గును ఎరుగదు. యాకోబు లాబానుల చరిత్రలో మూడు అధ్యాయములపాటు జీతపు మాట మాటిమాటికి వచ్చుచునే యుండును.

మన ‘జీతము’ అను మాట ‘జీవితము’ అను సంస్కృత పదమునకు తద్భవము. అనువాదకునిగా నేనీ మాటను ఎన్ని సారులు వ్రాసితినో! అయినను ద్వితీయోపదేశకాండము 24:15ను హీబ్రూ మూలములో చదివిన దినముననే దాని బరువు నాకు తెలిసెను. కూలివాడు తన కూలిమీద పెట్టుకొను ఆశను తెలుపుటకు అచ్చట వాడబడిన పదము ‘ప్రాణము’. వాడు తన ప్రాణమునే ఆ కూలివైపు ఎత్తుకొని నిలిచియున్నాడు. ప్రొద్దు గ్రుంకకమునుపే దానిని చెల్లింపవలెనని ధర్మశాస్త్రము పట్టుపట్టుట అందుచేతనే.

యాకోబు చేసిన మొదటి బేరము హృదయముతో చేసిన బేరము. చేతికఱ్ఱతో వచ్చినవాడు, రాహేలుమీది ప్రేమచేత ఏడు సంవత్సరముల కొలువునకు ఒప్పుకొనెను. ఆ బేరమెట్లు ముగిసెనో మీరెరుగుదురు. పదునాలుగేండ్ల పిమ్మట చేసిన రెండవ బేరము వేరు. యాకోబు వలన తనకు ఆశీర్వాదము కలిగెనని లాబాను తన నోటనే ఒప్పుకొనెను. యాకోబు ఆ మాటను జారవిడువలేదు. తాను రాకమునుపు మంద కొంచెమేయని, తాను వచ్చిన తరువాత అది విస్తరించెనని, ఇక తన యింటివారిని తాను ఎప్పుడు పోషించుకొనవలెనని అడిగెను. అందులో పొగడ్త లేదు, దీనాలాపము లేదు. పిమ్మట అతడు కోరిన జీతమును చూడుడి: పొడలును మచ్చలును గల మేకలు, నల్లని గొఱ్ఱెపిల్లలు. ఎవడు వచ్చి చూచినను ఇది ఎవరిదో కంటికే తెలియును. లాబాను అను పేరునకు తెలుపు అని అర్థము, తెల్లనివన్నియు తెల్లనివానికే! అయినను ఆ దినముననే లాబాను మచ్చలు గల వాటిని ఏరి తన కుమారుల చేతికప్పగించి, మూడు దినముల ప్రయాణమంత దూరము పెట్టెను. ఆ తరువాత యాకోబు చువ్వలను ఒలిచి చేసిన యుక్తిని నేను సమర్థింపను. మంద తనకు దేవుడిచ్చినదేయని అతడే పిమ్మట తన భార్యలతో చెప్పుకొనెను.

ఇరువది సంవత్సరములు నిండిన తరువాత, గిలాదు కొండమీద, అతని లెక్క పూర్తిగా బయటికి వచ్చెను. పగటి యెండ, రాత్రి మంచు, నిద్రలేమి, పదిమారులు మార్చబడిన జీతము! ఈ లెక్కలో ఒక అంశము మనము గమనింపక దాటిపోవుదుము. మృగములు చీల్చిన వాటి నష్టమును తానే పెట్టుకొంటినని అతడనెను. క్రీస్తుపూర్వము 18వ శతాబ్దమునాటి హమ్మురాబి శాసనములో కాపరికి ఏటేట ఇయ్యవలసిన ధాన్యమెంతో చెప్పబడినది; దొడ్డిలో సింహము చంపిన పశువు నష్టము యజమానునిదేయనియు ఉన్నది. నిర్గమకాండము 22:13 కూడ ఇట్టి నష్టమును కాపరిమీద మోపదు. కాబట్టి యాకోబు న్యాయము కోరినదానికంటె ఎక్కువ భరించెను. భరించితినని తెలిసికొని భరించెను. తన పనికి వెల యెంతో ఎరిగినవాడు గనుకనే దానిని పేరుపేరున చెప్పగలిగెను.

నా సంగతి చెప్పుదును. యౌవనమందు ఒక వ్యాఖ్యాన గ్రంథమును అనువదింప నన్ను పిలిచిన సంఘమువారు, ఏమి ఇయ్యమందురని అడిగిరి. “మీ చిత్తము, అయ్యగారూ” అంటిని. దానిని వినయమనుకొంటిని. వారు తమ చిత్తము చొప్పుననే ఇచ్చిరి. రెండు సంవత్సరములు ఆ పనిచేయుచు ఇంట నా భార్యయొద్ద సణుగుచుంటిని. అడుగవలసిన చోట అడుగక, అడుగకూడని చోట సణిగిన నా పాపమును వారిమీద పెట్టలేను.

పౌలు తన హక్కును విడిచెను గదా యని మీరనవచ్చును. 1 కొరింథీయులకు 9వ అధ్యాయమును నెమ్మదిగా చదువుడి. సైనికుని, ద్రాక్షతోటను, కాపరిని, నూర్చెడి ఎద్దును సాక్ష్యమునకు పిలిచి, తన హక్కు నిజమైనదని స్థాపించిన పిమ్మటనే అతడు దానిని వాడుకొనలేదనెను. ఉన్నదానినే గదా విడువగలము! మరియు విడిచినవాడు పౌలు. కొరింథు సంఘము అతని పక్షముగా విడువలేదు. జీతమును త్యాగము చేయు అధికారము పుచ్చుకొనువానిదే గాని ఇచ్చువానిది కాదు. మన పాఠశాలలలోను వైద్యశాలలలోను “ఇది సేవ” అను మాటను ఏ నోరు పలుకుచున్నదో విచారించుట మంచిది. 1948లో మన దేశము కనీస వేతనముల చట్టమును చేసికొనెను. సంఘము ఆ చట్టమునకు ముందు నడువవలసినది గాని, దాని వెనుక దాగుకొనుట ఎంత అవమానకరము!

కొంతకాలము క్రిందట ఒక నర్సమ్మ నాయొద్దకు వచ్చెను. పదకొండేండ్లుగా ఒక క్రైస్తవ వైద్యశాలలో రాత్రి డ్యూటీలు చేయుచు, క్రొత్తవారికి పని నేర్పుచు, తాను నేర్పినవారి జీతమే తానును పుచ్చుకొనుచుండెను. “అయ్యగారూ, అడిగితే దేవునికి కోపము వచ్చునా?” అనెను. ఆదికాండము 31 తీసి, యాకోబు చెప్పినట్లు చేసిన పనులను ఒక కాగితముమీద వ్రాయుమంటిని. ఆమె వ్రాయుచు వ్రాయుచు మధ్యలో ఆగి, “ఇదంతయు నేనే చేసితినా?” అనెను. ఇరుగుపొరుగు ఆసుపత్రులలో ఇట్టి పనికి ఏమిచ్చుచున్నారో కూడ కనుగొని వ్రాసికొమ్మంటిని. ప్రార్థన చేసికొని వెళ్లెను.

కమిటీవారు ఆమె అడిగినదానిలో సగము ఒప్పుకొని, మిగిలినది జూను నెలలో చూతుమనిరి. ఆమె వందనములు చెప్పి, ఆ జూను మాటను కాగితముమీద వ్రాసి ఇయ్యుడని నిలుచుండెనట. వ్రాసి ఇచ్చిరి.