పసుపుత్రాడును, శ్రీసభ బోధయు

మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతముల కతోలిక కుటుంబములలో పెండ్లి జరుగునపుడు, వరుడు కట్టు తాళిబొట్టుపై సిలువగుర్తు ఉండును గాని, ఆ బొట్టు గ్రుచ్చిన త్రాడు మాత్రము ఇరుగుపొరుగు హిందూ గృహములలోవలెనే పసుపు పూసిన నూలుత్రాడు. గురువులు దానిని దీవించి వరుని చేతికిత్తురు, చూచువారిలో ఎవరికిని అది వింతగా తోపదు. ఆ త్రాడే ఒకానొకప్పుడు రోమాపురిని కలవరపెట్టినది.

పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున పుంగనూరు మొదలగు తెలుగు సీమలలో సన్న్యాసి వేషముతో సంచరించిన ఫ్రెంచి యేసుసభ గురువులు, దేశాచారములను చాలవరకు నిలుపుకొనియే జ్ఞానస్నానము పొందవచ్చునని బోధింపగా, పోపు ప్రతినిధిగా వచ్చిన తూర్నోను 1704లో పుదుచ్చేరినుండి ఒక శాసనము వెలువరించి, విఘ్నేశ్వరుని రూపు గల తాళిని, నూట యెనిమిది పోగుల పసుపుత్రాటిని నిషేధించెను. 1744లో పోపు పదునాలుగవ బెనెడిక్టు ఆ తీర్పును స్థిరపరచెను. ఇచ్చటి మిషనరీలు ఆ నిషేధములను పాటింతుమని ప్రమాణము చేయవలసి యుండెను. ఆ ప్రమాణమును 1940లో రోమే రద్దు చేసినది.

అట్లయినచో శ్రీసభ బోధ మారినదా అని అడిగినచో, మారినది క్రమశిక్షణయే గాని విశ్వాసము గాదని పండితులు సమాధానము చెప్పుదురు. బాలుని దేహము పెరిగి పెద్దవాని దేహమైనట్లు బోధ వికసించునే గాని వేరొకటిగా మారదని అయిదవ శతాబ్దిలో లెరెన్సు మఠవాసియైన విన్సెంటు వ్రాసెను. 1845లో ఆంగ్ల వేదాంతి న్యూమన్ ఆ విచారణనే ఒక గ్రంథముగా విస్తరించెను. సమాధానము గంభీరమైనదే, త్రిత్వమును గూర్చి, పునరుత్థానమును గూర్చి నాటి రైతు నేర్చిన సత్యోపదేశమునే నేటి బాలురును వల్లించుచున్నారు. అయినను, 1864లో పోపు తొమ్మిదవ పయస్సు దోషముల పట్టికలో చేర్చిన మతస్వాతంత్ర్యమును 1965లో వాటికన్ మహాసభ మానవుని హక్కని ప్రకటించుటయు, మరణశిక్ష అంగీకరింపరానిదని 2018లో సత్యోపదేశ గ్రంథమునే సవరించుటయు, క్రమశిక్షణ యను పరిధిలో ఇమిడెడివి కావు.

అన్నిటికంటె లోతుగా విచారింపవలసినది ఆ 1704 శాసనములోనే గల మరియొక భాగము. మరణశయ్యపై నున్న అంటరానివారి గుడిసెలోనికి పోయి కడపటి సంస్కారముల నిచ్చుటకు గురువులు నిరాకరింపరాదని తూర్నోను ఆజ్ఞాపించెను. అట్లు పోయినచో పై కులములవారు తమ్ము విడిచిపోవుదురని గురువులు మొరపెట్టుకొనిరి. తుదకు 1744లో, అంటరానివారికై వేరుగా గురువులను నియమించు ఏర్పాటును పోపు అంగీకరించెను. అనగా, మెడలోని త్రాడు మతమని నిషేధింపబడెను. సాటి మనుష్యుని గడప తొక్కకుండుట లోకాచారమని సహింపబడెను. నేడు ఈ రెండును తలక్రిందులైనవి. త్రాటిని ఎవరును ఆక్షేపింపరు. కులభేదము క్రైస్తవ ధర్మమునకు విరుద్ధమని 2003లో పోపు రెండవ జాన్ పాల్ తమిళనాటి మేత్రాణులకు స్పష్టముగా చెప్పెను. 2016లో భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య దళితుల అభ్యున్నతికై ఒక విధానపత్రమునే వెలువరించినది.

విశ్వాసప్రమాణములో ఒక్క అక్షరమును మారలేదను మాట నిజమే. కాని మాలపల్లెలో ప్రాణము విడుచుచున్నవానికి, గురువు తన యింటిలోనికి వచ్చునా రాడా అనునదే శ్రీసభ బోధ. కావున బోధ మారినది, మారవలసియే యుండెను. మారలేదని సమర్థించుట, ఆనాడు గడపయొద్దనే విడువబడినవారికి రెండవమారు అన్యాయము చేయుటయే. దిద్దుబాటునకు ఆధారమును వెలినుండి ఎరువు తెచ్చుకొనవలసిన పనియు లేకుండెను. కుష్ఠురోగిని చేతితో తాకిన క్రీస్తు కథ వారి సువిశేషములోనే ఉండెను.

కంభము 1970 వరకు కర్నూలు జిల్లాలోనిదే. ఆ కర్నూలు సీమలో దళిత కుటుంబమున జన్మించి, 2008 నుండి 2020 వరకు కర్నూలు మేత్రాణులుగా నుండిన పూల ఆంతోని గారిని 2022 ఆగస్టు 27న పోపు ఫ్రాన్సిస్ కార్డినలుగా చేసెను. ఇంతటి మార్పును కన్నులార చూచిన మన విచారణల పెద్దలు, ఎచ్చటనైనను కులమునుబట్టి శ్మశానము వేరుగా నున్నచో, దానిని కలుపుటకు రోమునుండి మరియొక శాసనము వచ్చువరకు వేచియుండవలదు.