ఎవరికీ పనికిరాని బలం

సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతరకు వచ్చే ఆదివారాల్లో, నెత్తిన బోనంతో నడిచే ఆడవాళ్లను చూసి ఇంత బరువు వీళ్లకెందుకని అడిగినవాడు లేడు. ఆ గుడికి ఎంతో దూరం లేదు, రాజీవ్ రహదారి మీది కుకునూరుపల్లి. ఒకప్పుడు కొండపాక మండలంలో ఊరు, ఇప్పుడు తానే మండలం. ఆ చుట్టుపక్కల నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని బావి నుంచి ఇంటికి నడిచిన తరం ఇంకా కళ్ల ముందే ఉంది. నిండు బిందె పదిహేను కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. కట్టెల మోపు, గడ్డి మోపు, మేస్త్రీకి అందించే సిమెంటు తట్ట సరేసరి. ఆడ ఒంటికి బరువు తగదన్న మాట ఈ నేల మీద ఎన్నడూ ఆచరణలో లేదు. అయినా ఇలాంటి ఊరి నుంచి చదువుకో ఉద్యోగానికో గజ్వేలుకో సిద్దిపేటకో వెళ్లిన అమ్మాయి జిమ్‌లో ట్రెడ్‌మిల్ దిగి, ఇనుప చక్రాలు పేర్చిన మగవాళ్ల మూలకు వెళ్లి, ఇరవై కిలోల కడ్డీ మీద చెయ్యి వేసిందంటే అందరి చూపూ అటే. నీకెందుకమ్మా ఇవన్నీ అని సలహా చెప్పేవాడు ఒకడు తప్పకుండా తయారవుతాడు. నెత్తి మీద ఉన్నంతకాలం ఎవరికీ పట్టని ఇరవై కిలోలు చేతుల్లోకి రాగానే ఎందుకు పట్టింపయ్యాయి? వ్యాయామ శాస్త్రం దీనికి జవాబు చెప్పలేదు. ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న, అందుకే ధర్మం తెలిసిన గ్రంథాల దగ్గరికే వెళ్లి అడగాలి.

నాకు తోచింది ఇది. మన సంప్రదాయం స్త్రీకి బలం వద్దని ఎప్పుడూ అనలేదు. ఆ బలం ఎవరికో ఒకరికి పనికిరావాలని మాత్రం పట్టుబట్టింది. బిందెలోని నీళ్లు ఇంటిల్లిపాదికి, మోపు గొడ్డుకు, బోనం దేవుడికి. జిమ్‌లో ఎత్తిన కడ్డీ ఎక్కడి నుంచి లేచిందో అక్కడికే దిగుతుంది. దానివల్ల ఎవరి దాహమూ తీరదు, ఏ గొడ్డూ మేయదు. మిగిలేదేదో ఎత్తినామె ఒంట్లోనే మిగులుతుంది. కంటగింపు ఆ మిగులు దగ్గరే వస్తోంది. మగవాడికి ఈ చిక్కు లేదు. కోడి రామమూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకుంటే జనం కలియుగ భీముడన్నారు. ఛాతీ మీద ఏనుగు ఉండటం వల్ల ఎవరికి ఏం ఒరిగిందని ఒక్కరూ లెక్క అడగలేదు. తాలింఖానాలో దండీలు తీసేవాణ్ని కూడా ఎవరి కోసమని ఎవరూ నిలదీయరు. పనికిరాని బలాన్ని పోగేసుకునే స్వేచ్ఛ మగవాడికి పుట్టుకతో వచ్చేసింది.

పురాణాలు ఈ సంగతిని దాచలేదు, చదివే ఓపిక ఉండాలి. వాల్మీకి బాలకాండలో శివధనుస్సును ఎనిమిది చక్రాల ఇనుప పెట్టెలో పెట్టి ఐదు వేల మంది లాక్కొస్తారు. చిన్ననాటి సీత ఆడుకుంటూ ఆ పెట్టెను పక్కకు జరిపిందన్న కథ వాల్మీకిలో లేదు, జనం నోట్లో ఉంది. జనం కల్పన ఎంత గొప్పదో చూడండి: ఐదు వేల మంది పనిని ఒక పసిపిల్ల చేతికి ఇచ్చింది. కానీ ఆ కథే తరువాతి అడుగులో ఏం చేసింది? జనకుడు అది చూసి, ఈ వింటిని ఎక్కుపెట్టగలవాడే నా అల్లుడన్నాడు. బలం పిల్లది, దానితో తేలింది వరుడి యోగ్యత. ఆ పెట్టెను ఆమె మళ్లీ ఎప్పుడైనా జరిపిందా అన్నది కథకు అక్కర్లేదు. బమ్మెర పోతన సత్యభామ నరకుడి సేనను చెల్లాచెదురు చేస్తుంది. ప్రాణం తీసే చక్రం మాత్రం కృష్ణుడిది. పైగా బాణాలు వేస్తున్నంతసేపూ ఆమె ముఖం మొగుడి వైపు ఒక రసాన్ని, శత్రువు వైపు ఇంకొక రసాన్ని చూపాలి. ఆ పద్యం అందానికి నేనూ దాసుణ్నే. కాకపోతే యుద్ధం మధ్యలో భార్యకు ముద్దుగా కనిపించే పూచీ అర్జునుడి మీద ఏ కవీ పెట్టలేదు. ఇక శక్తి లేనిదే శివుడు కదలలేడన్న సిద్ధాంతం మనకుంది కదా, ఇంకేం కావాలి అనేవారు ఉంటారు. గర్భగుడిలోని శక్తికి దండం పెట్టడం సులువు. ఆమె మన పక్కన వచ్చి నిలబడి, ఆ ఇరవై కిలోల చక్రాలు ఇటివ్వండి అని అడగదు.

పతకం వస్తే లెక్క మారిపోతుంది, అదీ గమనించదగ్గదే. ఆముదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం నేర్చుకుంది. 1994, 1995 సంవత్సరాల్లో ప్రపంచ విజేత అయింది. ఒలింపిక్స్‌లో మగవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ 1896లోనే మొదలైతే ఆడవాళ్లకు 2000 సిడ్నీ దాకా తలుపు తెరుచుకోలేదు. తెరుచుకున్న ఆ మొదటిసారే 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి మల్లీశ్వరి కంచు పతకం తెచ్చింది. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు వెళ్లింది, అది నిలిచి ఉంటే స్వర్ణం ఆమెదే. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ తెలుగామె కావడం మనకు గర్వకారణం. అయితే ఆ గర్వంలో పాత షరతే కొత్త వేషంలో ఉంది. ఆ 240 కిలోలు దేశం కోసం ఎత్తినవి కాబట్టి మనవయ్యాయి. నిజామాబాద్ నిఖత్ జరీన్ బాక్సింగ్ మొదలుపెట్టినప్పుడు ఆమె పొట్టి దుస్తుల మీద చుట్టుపక్కల వాళ్లు ఏమన్నారో కుటుంబమే బహిరంగంగా చెప్పుకుంది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయ్యాక ఆ నోళ్లే సన్మాన సభల్లో వినబడ్డాయి. పతకం తెచ్చే ఆశా ఉద్దేశమూ లేని, నలభై కిలోలెత్తి ఇంటికెళ్లి నిద్రపోయే మామూలు ఆడమనిషి సంగతేమిటి? సమాజానికి ఆమె చెల్లించేదేమీ లేదు. ధర్మం గురించిన అసలు పరీక్ష ఆమె దగ్గరే ఉంది, మల్లీశ్వరి దగ్గర లేదు.

ఇక్కడ కాళిదాసు అక్కరకొస్తాడు. ధర్మాన్ని సాధించడానికి మొదటి పనిముట్టు శరీరమేనన్న ఆయన మాటను వ్యాయామశాలలు, ఆరోగ్య పుస్తకాలు అరగదీశాయి. ఆ మాట ఎవరు ఎవరితో అన్నారో చాలామందికి పట్టదు. కుమారసంభవం ఐదో సర్గలో, బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు తపస్సు చేస్తున్న పార్వతిని పలకరిస్తూ అంటాడు: నీ శక్తికి తగినట్టే తపస్సు చేస్తున్నావు కదా, ధర్మానికి మొదటి పనిముట్టు శరీరమే కదా అని. శరీర సాధన గురించి మనం అస్తమానం చెప్పుకునే వాక్యం ఒక స్త్రీని ఉద్దేశించింది! అంతకుముందు జరిగింది కూడా ముఖ్యమే. మన్మథుడు బూడిదయ్యాక పార్వతి తన రూపాన్ని తానే నిందించుకుంది. చూపులకు పాత్రమయ్యే దారి మూసుకుపోయాక, ప్రయత్నించే దారి పట్టింది. తల్లి మేనాదేవి వద్దని బతిమాలింది. ఈ సుకుమారపు ఒంటికి తపస్సేమిటని అడ్డుపడింది. నేటి జిమ్‌లో ట్రెడ్‌మిల్‌కూ బరువుల మూలకూ మధ్య ఉన్న దూరం సరిగ్గా ఇదే. సన్నబడమంటే ఇంట్లో అందరికీ సమ్మతం, సన్నబడటం చూసేవాళ్లకు చేసే సేవ కనుక. బలపడతానంటే మేనాదేవి బయటికొస్తుంది. పార్వతి తపస్సు కూడా మొగుడి కోసమే కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోక తప్పదు, అది నిజం. కాళిదాసు కూడా తన కాలపు మనిషే. అయినా తపస్సు ఫలితం పెళ్లి కావచ్చు గాని, దాని పద్ధతి మాత్రం పూర్తిగా ఆమెది: ఎంత భరించాలో, ఎప్పుడు పెంచాలో ఆమే నిర్ణయించుకుంది. బయటి ప్రయోజనమేమీ చూపకుండా ఒక మనిషి తన ఒంటిని తాను కష్టపెట్టుకునే హక్కుకు మన దగ్గర తపస్సు అనే గౌరవస్థానం ఎప్పటి నుంచో ఉంది. కడ్డీ ఎత్తడం తపస్సేనని నేను అనను. రెండింటికీ లెక్క అడగకూడదని మాత్రం అంటాను.

వేదాంతుల అభ్యంతరం ఇంకొంచెం లోతైనది. దేహం నేను కాదని తెలుసుకోవాల్సిన మనిషి అద్దం ముందు నిలబడి కండలు కొలుచుకోవడం ఏమిటి, ఇది దేహాభిమానమే కదా అంటారు. అభ్యంతరం సరైనదే, కానీ అది ఆడా మగా చూడదు. అద్దాల గోడ పక్కన ఇన్నేళ్లుగా నిలబడ్డ మగవాళ్లకు చెప్పని వేదాంతం ఆడపిల్ల రాగానే గుర్తుకొస్తే, అది వేదాంతం కాదు, కాపలా. బలహీనుడికి ఆత్మ దొరకదని ముండకోపనిషత్తు అంటుంది. శంకరులు అక్కడి బలాన్ని ఆత్మనిష్ఠ వల్ల కలిగే బలమని వివరించారు, కండబలమని అనలేదు. ఆ మాటను జిమ్ గోడకెక్కించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అయితే వివేకానందుడు మద్రాసు యువకులతో, గీత చదవడం కంటే ఫుట్‌బాల్ ఆడితే స్వర్గానికి దగ్గరవుతారని అన్నప్పుడు ఆ రెండు బలాలకూ దారి కలిపాడు. ఆ సభలో ఆయన ఎదుట ఉన్నది కుర్రాళ్లు. వాళ్లకు చెల్లిన తర్కం అక్కచెల్లెళ్లకు ఎందుకు చెల్లదో ఎవరూ వివరించలేదు.

ఎక్కువమంది మనసులో ఉండే అభ్యంతరం మర్యాదకు సంబంధించినది. వ్యాయామశాలలో ఆంజనేయుడి పటం ఉంటుంది, ఆయన బ్రహ్మచారి, అక్కడ ఆడవాళ్లేమిటని అంటారు. ఆయన విషయం ఆయననే అడగవచ్చు, ఎందుకంటే సుందరకాండలో హనుమంతుడు సరిగ్గా ఈ సమస్యనే ఎదుర్కొన్నాడు. సీత కోసం వెతుకుతూ రావణుడి అంతఃపురంలోకి వెళ్లి, నిద్రలో ఒంటి మీద బట్ట కూడా సరిగా లేని ఎందరో స్త్రీలను చూశాడు. పరస్త్రీలను ఇలా చూడటం అధర్మం కాదా అని దిగులు పడ్డాడు. తరువాత తనంతట తానే తేల్చుకున్నాడు: ఇంద్రియాలను మంచికో చెడుకో నడిపేది మనసు, ఆ మనసు చలించలేదు, స్త్రీని వెతకాలంటే స్త్రీలలోనే వెతకాలి. ఆ ఆలోచనలో ఎక్కడా తప్పు ఆ నిద్రపోతున్నవాళ్ల మీదికి నెట్టలేదు. బ్రహ్మచర్యం ఆయన తన మనసులో కాపాడుకున్నాడు, లంకలో ఆడవాళ్లు లేకుండా చేసి కాదు. ఖురాన్ కూడా ఇరవై నాలుగో సూరాలో స్త్రీలకు చెప్పడానికి ముందు వాక్యంలోనే, చూపు దించుకోమని పురుషులకు చెప్పింది. ఆ వరుస ఊరికే వచ్చిందని నేననుకోను. దుస్తుల పేచీకి కూడా పరిష్కారం ఉంది. పాకిస్తానీ మూలాలున్న అమెరికన్ లిఫ్టర్ కుల్సూమ్ అబ్దుల్లా ఒళ్లంతా కప్పుకుని పోటీ చేస్తానంటే, మోచేతులూ మోకాళ్లూ పూర్తిగా చాపుకున్నదీ లేనిదీ న్యాయనిర్ణేతలకు ఎలా తెలుస్తుందన్న సందేహం వచ్చింది. 2011లో అంతర్జాతీయ సమాఖ్య ఒంటికి అంటుకునే నిండు దుస్తులను అనుమతించి దాన్ని తేల్చేసింది. ఆటకు నిజంగా అవసరమైనది కీళ్లు కనబడటం ఒక్కటే. మిగతా పట్టింపులన్నీ మనవి. చిన్న పట్టణాల్లో ఆడవాళ్లకు విడిగా ఒక సమయం కేటాయించే పద్ధతి మీద నాకు కోపం లేదు, మొదటి మెట్టుగా అది ఎందరికో దారి చూపింది. కానీ పదింటికి మొదలై పన్నెండింటికి ముగిసే ఆ వేళ ఉద్యోగస్తురాలికీ కాలేజీ పిల్లకూ కుదరదు. పైగా మగవాడు నేర్చుకోవాల్సిన నిగ్రహం నేర్చుకోకుండానే సాయంత్రాలన్నీ అతనికే మిగిలిపోతాయి. స్థలంతో పాటు సామాను కూడా మగవాడి కొలతే. పోటీల్లో మగవాళ్ల కడ్డీ 20 కిలోలు, 28 మిల్లీమీటర్ల మందం. ఆడవాళ్లది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. మామూలు జిమ్‌లో మాత్రం తరచుగా కనబడేది మొదటిదే. చిన్న అరచేతికి అందని లావు కడ్డీ ఇచ్చి, పట్టు లేదని నవ్వడం న్యాయం కాదు.

చివరి అభ్యంతరం ఊరి నుంచి వస్తుంది, అన్నిటికంటే బరువైనది అదే. పొద్దంతా నాట్లు వేసి, కలుపు తీసే ఆడవాళ్లకు ఈ చోద్యాలు ఎందుకు, ఇవి పట్నం వాళ్ల తీరిక వేషాలు అంటారు. పనికీ సాధనకూ తేడా ఉంది. నాటేసే నడుము రోజంతా ఒకే వంపులో ఉంటుంది. ఎంత చేయాలో కూలి నిర్ణయిస్తుంది, విశ్రాంతిని వాన నిర్ణయిస్తుంది. సాధనలో బరువు కొద్దికొద్దిగా, ఒళ్లు ఒప్పుకున్నప్పుడు పెరుగుతుంది, మధ్యలో సెలవు రోజు ఉంటుంది. మొదటిది ఒంటిని అరగదీస్తుంది, రెండోది నిర్మిస్తుంది. పైగా ఆ పాత బరువులు కూడా పోతున్నాయి. 2016 ఆగస్టులో గజ్వేలు దగ్గరి కోమటిబండలో మంచినీటి పథకం మిషన్ భగీరథ మొదలయ్యాక ఈ ప్రాంతంలో బిందె నెత్తి దిగింది. దిగడమే మంచిది, ఆ చాకిరీని తలుచుకుని మురిసిపోయేవాళ్లు దాన్ని మోసినవాళ్లు కారు. కానీ ముట్లుడిగిన తర్వాత ఎముకలు పలచబడే ఒంటికి బరువు అవసరం పోలేదు. పెద్దలందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెప్పాయి, ఆడా మగా తేడా పెట్టకుండా.

ఇంతకంటే కష్టమైనది తిండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉంది. రక్తం లేని ఒంటి చేత కడ్డీ ఎత్తించడం తప్పని ఎవరైనా అంటే, వాళ్లతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ముందు తిండి, ఆ తర్వాతే బరువు. అయితే ఆ రక్తహీనత వెనుక ఉన్న కారణాల్లో ఒకటి, అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినడమే ఇల్లాలి ధర్మమన్న నమ్మకం. అన్నమే బ్రహ్మమని తెలుసుకున్న తైత్తిరీయ భృగువు కథ మన దగ్గరే ఉంది, అన్నాన్ని తక్కువ చేయకూడదన్న వ్రతమూ అక్కడే ఉంది. వడ్డించే మనిషికి ఆ బ్రహ్మం చివర్న, అదీ మిగిలితేనే అందాలని ఆ ఉపనిషత్తు ఎక్కడా చెప్పలేదు. బరువులెత్తే ఆడమనిషి తన గుడ్డు తనకు కావాలని, పప్పు ముందే తనకు తీసిపెట్టాలని అడగక తప్పదు. జిమ్‌లో ఎదురైన అదే ప్రశ్న, ఎవరి కోసం అన్నది, అప్పుడు వంటింట్లో ఎదురవుతుంది. అక్కడ అడ్డుపడేది ఎక్కువగా పరాయి మగవాళ్లు కాదు. తామూ అలాగే ఆఖర్న తిని బతికిన అత్తా అమ్మానే. వాళ్లతో వాదించడానికి పైన చెప్పిన కాళిదాసూ హనుమంతుడూ ఏ మేరకు పనికొస్తారో నేను చెప్పలేను.