రాబడి పోతుందన్న భయం

 



2024 అక్టోబరులో మన రాష్ట్రంలో మద్యం దుకాణాలు మళ్ళీ ప్రైవేటు వ్యక్తుల చేతికి వచ్చాయి. ఆ రోజుల్లో చెన్నేకొత్తపల్లిలో జుమా నమాజు ముగిశాక ఒక సోదరుడు నా పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు: “హజ్రత్! రోడ్డు పక్కన మాకొక గది ఉంది. బ్రాందీ షాపుకిస్తే ఇప్పుడొచ్చే దానికి మూడింతలు బాడుగ ఇస్తామంటున్నారు. మేము తాగేది లేదు, అమ్మేది లేదు. బాడుగ తీసుకుంటాం, అంతే. తప్పా?”

నేను జవాబు చెప్పేలోపే ఒక యువకుడు అందుకున్నాడు: “మనలాంటి వాళ్ళ చేతిలో ఏముంది హజ్రత్? ఇస్లామీయ ప్రభుత్వం ఉంటే ఇవన్నీ ఒక్క రోజులో బంద్ అవుతాయి.”

ఇద్దరూ వేర్వేరు మాటలు మాట్లాడినట్లు కనిపించినా, వాటి వెనుక ఉన్న సమస్య ఒక్కటే. అల్లాహ్ ఆజ్ఞ ఒకవైపు, చేతికందే రాబడి మరోవైపు ఉన్నప్పుడు ఏది ముందు? ఈ పరీక్ష రాజుకూ ఉంది, గది యజమానికీ ఉంది.

అధికారం ఒక అమానతు

దివ్య ఖుర్ఆన్ పాలకులకు కొన్ని షరతులు పెట్టింది. భూమిపై అధికారం పొందినవారు నమాజును నెలకొల్పాలి, జకాత్ చెల్లించాలి, మంచిని ఆదేశించాలి, చెడును వారించాలి (22:41). అమానతులను హక్కుదారులకు అప్పగించి, న్యాయంగా తీర్పు చెప్పాలి (4:58). సంపద ధనికుల మధ్యనే తిరుగుతూ ఉండకూడదు (59:7).

మద్యం, జూదాల విషయంలో ఖుర్ఆన్ ఒక వాస్తవాన్ని దాచలేదు. వాటిలో ప్రజలకు కొంత లాభం ఉందని ఒప్పుకుంటూనే, వాటి పాపం ఆ లాభం కంటే పెద్దదని తేల్చి చెప్పింది (2:219). అంటే ‘ఖజానాకు ఆదాయం వస్తుంది కదా!’ అనే వాదనకు జవాబు అప్పుడే వచ్చేసింది.

హిజ్రీ 9వ సంవత్సరంలో వచ్చిన ఒక ఆదేశం వల్ల మక్కాకు బయటివారి రాక తగ్గి, వ్యాపారం దెబ్బతింటుందేమోనని ముస్లింలు కలవరపడ్డారు. పేదరికానికి భయపడకండి, అల్లాహ్ తలిస్తే తన అనుగ్రహంతో మిమ్మల్ని సంపన్నులను చేస్తాడని వారికి ఊరట లభించింది (9:28).

హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) క్రీ.శ. 717 నుండి 720 వరకు ఖలీఫాగా ఉన్నారు. ఇస్లాం స్వీకరించినవారి నుండి కూడా కొందరు అధికారులు జిజ్యా వసూలు చేసేవారు. ఆయన దాన్ని రద్దు చేశారు. రాబడి పడిపోతోందని ఒక గవర్నరు మొరపెట్టుకుంటే, అల్లాహ్ తన ప్రవక్తను మార్గదర్శిగా పంపాడే గాని పన్నులు వసూలు చేసేవానిగా పంపలేదని ఆయన జవాబు రాసినట్లు చరిత్రకారులు పేర్కొన్నారు. ఆయన సంస్కరణ ముందుగా తన వంశం నుండే మొదలైంది. ఉమయ్యాలు అన్యాయంగా పొందిన ఆస్తులను తిరిగి ఇప్పించారు.

మన నేలను ఏలిన ‘ఖుదాదాద్’ ప్రభుత్వం

ఇవి అరబ్బు దేశపు విషయాలు, మనకెక్కడ సాధ్యం అని అనుకోవద్దు. మన పెనుకొండ, హిందూపురం ప్రాంతం ఒకప్పుడు మైసూరు రాజ్యంలో భాగం. 1799లో టిప్పు సుల్తాన్ అమరుడయ్యాక నిజాముకు, 1800లో ఈస్టిండియా కంపెనీకి దక్కింది. టిప్పు తన ప్రభుత్వాన్ని ‘సర్కారె ఖుదాదాద్’, అంటే దేవుడిచ్చిన ప్రభుత్వం అని పిలుచుకున్నాడు. ఇచ్చింది అల్లాహ్ అయితే లెక్క అడిగేదీ అల్లాహ్‌యే కదా!

ఆయన మద్యాన్ని నిషేధించాడు. ఖజానాకు వచ్చే ఆ పన్నును వదులుకున్నాడు. సారా కాచేవారి నుండి ఇకపై ఆ పని చేయబోమని హామీ పత్రం రాయించుకుని, వారు మరో వృత్తి చేపట్టేలా చూడమని బెంగళూరు అమీల్‌దారును ఆదేశించాడు. ఆయన ఉత్తరాలను కిర్క్‌పాట్రిక్ అనే ఆంగ్లేయుడు అనువదించి 1811లో ప్రచురించాడు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఒక దారి మూసినప్పుడు మరో దారి తెరవాలి. ఆయన రెవెన్యూ నిబంధనల్లో పేద రైతుకు నాగలి కొనుక్కోవడానికి మూడు నాలుగు వరహాల చొప్పున తఖావీ అప్పు ఇచ్చి, ఒకటి రెండేళ్ళలో తిరిగి తీసుకోమని ఉంది. బెంగాల్ నుండి పట్టుపురుగులు తెప్పించి మల్బరీ సాగును ప్రోత్సహించాడు. నేడు హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్ళు తీసుకెళ్ళే మన రైతుకు ఆ చరిత్రతో సంబంధం ఉంది.

అయితే సోదరులారా! కొలబద్ద ఖుర్ఆనే గాని రాజు కాదు. టిప్పు పాలన వంశపారంపర్య రాజరికం, షూరా మీద నడిచిన ఖిలాఫత్ కాదు. యుద్ధాలలో కొడగు, మలబారు ప్రజలను చెరపట్టి తరలించడం, మతమార్పిడికి బలవంతపెట్టడం చరిత్రలో నమోదయ్యాయి. ధర్మం విషయంలో బలవంతం లేదన్న ఆదేశం (2:256) ముందు అవి నిలబడవు. అదే టిప్పు 1791లో మరాఠా సైనికులు దోచుకున్న శృంగేరి మఠానికి సహాయం పంపాడు. మంచిని మంచి అనాలి, తప్పును తప్పనాలి. మనవాడని తప్పును కప్పిపుచ్చడం కూడా న్యాయం కాదు.

మన కళ్ళ ముందు జరిగింది

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాకు వ్యతిరేకంగా లేచారు. వారిలో ఎక్కువమంది ముస్లింలు కారు, చదువుకున్నవారూ కారు. అయినా తమ ఇళ్ళు కూలిపోవడం చూసి ఖుర్ఆన్ చెప్పిన వాస్తవాన్నే గుర్తించారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం ఎత్తివేశారు. దొంగ రవాణా ఒక కారణమైతే, ఖజానాకు తగ్గిన రాబడి మరో పెద్ద కారణం. రాబడి భయం ముందు ఆ తల్లుల కన్నీళ్ళు తేలికైపోయాయి.

పాలకులను నిందించడం సులువు. మనం చేస్తున్నది అదే కాదా?

మన ఇంటి ఖజానా

మద్యం విషయంలో పదిమందిని దైవప్రవక్త (సఅసం) శపించారని తిర్మిజీ, ఇబ్నుమాజా హదీసు గ్రంథాలలో ఉంది. వారిలో తాగేవాడొక్కడే లేడు. పిండేవాడు, మోసేవాడు, పోసేవాడు, అమ్మేవాడు, దాని ధర తినేవాడు కూడా ఉన్నారు. ఆ గది బాడుగ వచ్చేది ఆ ధర నుండే. పాపానికి తోడ్పడవద్దని ఖుర్ఆన్ ఆదేశించింది (5:2). నేను ఆ సోదరునికి ఇదే చెప్పాను.

రెండు వారాల తర్వాత ఆయన మళ్ళీ కలిశాడు. గది ఒక టైలరుకు ఇచ్చాడట, పాత బాడుగకే. “అమ్మాయి పెళ్ళి దగ్గర పడింది హజ్రత్, భారంగానే ఉంది” అన్నాడు. భారం ఉండదని నేనూ అనలేదు. కానీ ఆ భారం ఆయన ఒక్కడిదేనా? హరామ్ రాబడిని వదులుకున్న మనిషిని పెళ్ళి ఖర్చుకు వడ్డీ వ్యాపారి గడపకు పంపితే, అతన్ని ఒక పాపం నుండి తప్పించి మరో పాపంలోకి నెట్టినట్లే. మస్జిదు కమిటీలు, స్థోమత గలవారు కలిసి ఖర్జె హసన్ నిధి ఏర్పాటు చేయాలి. జకాతును దాని హక్కుదారులకు ఒక పద్ధతి ప్రకారం చేర్చాలి. పెళ్ళివారూ కట్నం, ఆడంబరపు విందులు మానుకుంటే సగం భారం అక్కడే దిగిపోతుంది.

ఆ యువకునికి కూడా నా జవాబు ఇదే. బాబూ! మనలో ప్రతి ఒక్కరూ కాపరే, తన మంద గురించి ప్రతి ఒక్కరూ జవాబు చెప్పుకోవాలని దైవప్రవక్త (సఅసం) బోధించారు. నీ చేతిలో రాజ్యం లేకపోవచ్చు. కానీ నీ జేబు, నీ దుకాణం, నీ పెళ్ళి నీ చేతిలో ఉన్నాయి. వాటిలో అల్లాహ్ ఆజ్ఞను నిలబెట్టలేనివాడికి రేపు అధికారం దక్కితే, రాబడి తగ్గే మొదటి రోజునే వెనకడుగు వేస్తాడు.

ఓ అల్లాహ్! మాకు ధర్మసమ్మతమైన ఉపాధిని ప్రసాదించి, నిషిద్ధ సంపాదన అవసరం లేకుండా చెయ్యి. నీ కోసం నష్టాన్ని భరించినవారికి మమ్మల్ని తోడుగా నిలబెట్టు. మా పాలకులకు న్యాయబుద్ధిని ప్రసాదించు. ఆమీన్.